కార్ కేర్: పికప్ తగ్గి నల్ల పొగ వస్తోందా? ఈజీఆర్ వాల్వ్ మార్చేసే ముందు ఇవి చెక్ చేయించండి..

డీజిల్ కారు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే లాగడం లేదు. యాక్సిలరేటర్ తొక్కితే వెనక నల్ల పొగ. డ్యాష్‌బోర్డుపై చెక్ ఇంజిన్ లైట్ ఆరడం లేదు. ఇలాంటప్పుడు గ్యారేజీల్లో తరచూ వినిపించే మాట.. "ఈజీఆర్ వాల్వ్ పోయింది సార్, మార్చాలి". బిల్లు వేలల్లో ఉంటుంది. తీరా మార్చాక కూడా లైట్ మళ్లీ వెలిగితే? తప్పు వాల్వ్‌లో లేదన్నమాట.

ఇంతకీ ఈ వాల్వ్ పనేంటంటే.. సైలెన్సర్ వైపు వెళ్లే పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ. దాంతో సిలిండర్‌లో మంట వేడి తగ్గి, విషపూరితమైన నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి. అయితే పొగలోని మసి, ఆయిల్ ఆవిరితో కలిసి జిగురులా వాల్వ్‌కు పట్టేస్తుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కార్లలో ఇంజిన్ సరిగా వేడెక్కదు కాబట్టి ఈ బెడద ఇంకా ఎక్కువ.

వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే పికప్ పడిపోతుంది, నల్ల పొగ వస్తుంది. పెట్రోల్ కారైతే సిగ్నల్ దగ్గర ఇంజిన్ వణికి ఆగిపోవచ్చు. అదే మూసుకుని ఇరుక్కుంటే బండి నడపడంలో పెద్దగా తేడా తెలియదు. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలోనూ దొరకదు. ఎందుకంటే అక్కడ డీజిల్ కార్లకు పొగ సాంద్రతే చూస్తారు, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు.

ముందుగా ఓబీడీ స్కానర్ పెట్టించండి. పి0401 వస్తే పొగ తగినంత వెళ్లడం లేదని, పి0402 అయితే ఎక్కువగా వెళ్తోందని అర్థం. అంతేగానీ వాల్వ్ పోయిందని ఆ కోడ్ చెప్పదు! చాలా డీజిల్ కార్లలో కంప్యూటర్ ఈ పొగను నేరుగా కొలవదు. లోపలికి వచ్చే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ రీడింగ్‌ను బట్టి లెక్కేస్తుంది. ఆ సెన్సర్‌కు దుమ్ము పట్టినా నింద వాల్వ్ మీదకే వస్తుంది. పైపు మసితో పూడినా, వ్యాక్యూమ్ గొట్టం చిట్లినా, కనెక్టర్ వదులైనా ఇదే కథ.

ఎలక్ట్రానిక్ వాల్వ్ అయితే స్కానర్ నుంచే తెరవమని, మూయమని ఆదేశం ఇవ్వొచ్చు. అడిగినంత తెరుచుకుంటోందా లేదా స్క్రీన్‌పైనే తెలిసిపోతుంది. మెకానిక్‌ను ఈ ఒక్క టెస్ట్ అడిగి చేయించుకోండి. కదలిక బిగుసుకుంటే, ఇంజిన్ చల్లారాక విప్పి క్లీనర్‌తో మసి తీస్తే చాలాసార్లు సరిపోతుంది. మోటార్ భాగంపై మాత్రం స్ప్రే పడకూడదు. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయాలి. మోటార్ కాలినా, వాల్వ్ అరిగినా అప్పుడు కొత్తదే దిక్కు.

కొందరు రేకు ముక్క అడ్డుపెట్టి దారి మూసేస్తారు. పికప్ వచ్చినట్టే ఉంటుంది కానీ విషవాయువులు పెరుగుతాయి. బీఎస్6 కార్లలో కంప్యూటర్ దీన్ని పసిగట్టి మళ్లీ లైట్ వెలిగిస్తుంది, వారంటీకీ చిక్కు రావొచ్చు.