రెండూ రాగి రేకులే, మరి ఆనోడ్ ఏది?



పన్నెండో తరగతి సైన్స్ ప్రిలిమ్ పేపర్లలో ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనబడింది. రెండు ఎలక్ట్రోడ్లూ రాగివే అయిన గాఢతా ఘటంలో ఆనోడ్ ఏదని అడిగితే, చాలామంది "ఎడమవైపుది" అని రాసి ఊరుకున్నారు. ఆనోడ్‌ను ఎడమవైపు రాయడం కాగితం మీది పద్ధతి. రాగికి కుడి ఎడమలు తెలీవు కదా!

మార్కుల గురించి మాట్లాడటానికి వచ్చిన ఒక తండ్రి, రంగుల కార్ఖానాలో పనిచేస్తారు, "రెండు దిక్కులా రాగే అయితే కరెంటు ఎట్ల పుడ్తది సార్?" అన్నారు. అసలు ప్రశ్న అదే.

రెండు గాజు పాత్రల్లో మైలుతుత్తం నీళ్లు తీసుకున్నామనుకోండి. ఒకటి 0.1 మోలార్, చూడగానే నీలం. రెండోది 0.001 మోలార్, దాదాపు మంచినీళ్లలాగే ఉంటుంది. రెంటిలో చెరో రాగి రేకు, మధ్యలో లవణ వారధి, పైన తీగ. పలచని వైపు రేకు కొద్దికొద్దిగా కరుగుతుంది. కరిగే ప్రతి రాగి అయాన్ రెండు ఎలక్ట్రాన్లను రేకు మీదే వదిలిపోతుంది. అది ఆక్సీకరణం, కనుక అదే ఆనోడ్. ఆ ఎలక్ట్రాన్లు తీగ వెంట చిక్కటి వైపుకు పోతే, అక్కడి అయాన్లు వాటిని తీసుకుని రాగిగా మారి రేకుకు అంటుకుంటాయి. అది క్షయకరణం, అదే కాథోడ్.

చిక్కటి రంగు నీళ్లలో పడితే దానంతటదే పరుచుకోవడం కార్ఖానాలో రోజూ చూసేదే. ఇక్కడా ఆ తేడా తగ్గాలన్న గుణమే, కాకపోతే తీగ గుండా. రెండు వైపులా గాఢత సమానమైతే కరెంటు ఆగిపోతుంది.

ఎంత వస్తుందో 1889లో జర్మనీ శాస్త్రవేత్త నెర్న్‌స్ట్ ఇచ్చిన సమీకరణం చెబుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 0.0592ను 2తో భాగించి, గాఢతల నిష్పత్తి 100 కాబట్టి దాని లాగ్ 2తో గుణించాలి. 0.0592 వోల్టు. టార్చి సెల్లులో పాతికో వంతు, అంతే!

తర్వాత ల్యాబ్‌లో పలచటి పాత్రలో మైలుతుత్తం చెంచాతో వేసి కలుపుతూ పోయాం. మీటరు ముల్లు మెల్లగా సున్నాకు దిగి, దాన్ని దాటి రెండోవైపు తిరిగింది. రేకులు మార్చలేదు, తీగలు మార్చలేదు. ఆనోడ్ మాత్రం కాథోడ్ అయింది. పిల్లలు ఒక్కసారి "ఓ!" అన్నారు.

ఇంట్లో చేయకండి. మైలుతుత్తం విషం. ల్యాబ్‌లో చేసినా చేతులు కడుక్కోవాలి, మిగిలిన ద్రావణం సింకులో పోయకుండా మూత ఉన్న సీసాలో పోయాలి. జవాబు తప్పిన పిల్లలు ప్రాక్టికల్ పీరియడ్‌లో నన్ను కలవండి, మళ్లీ చేసి చూద్దాం.