కిల్ట్ మీదకి మామూలు కోటు ఎందుకు కుదరదు? ఒక టార్టన్ కోటు ఆల్టరేషన్ కథ

ఈరోజు ఎపిసోడ్ కోడింగ్ గురించి కాదు, ఇంటర్వ్యూల గురించీ కాదు. ఒక కోటు గురించి. బీటెక్ చదివినవాడికి టైలరింగ్ ఎందుకు అంటారేమో, మా నాన్న తెనాలిలో 35 ఏళ్లుగా టైలర్. చిన్నప్పుడు కాజాలు కుట్టమంటే నేను పారిపోయేవాణ్ణి. ఆ కాజాలే ఎడిన్‌బరోలో మళ్లీ నన్ను పట్టుకున్నాయి.

యూట్యూబ్‌కి రాకముందు రెండేళ్లు ఎడిన్‌బరోలో పనిచేశాను కదా, అక్కడ నా టీమ్‌లో ఒక స్కాటిష్ అబ్బాయి ఉండేవాడు. వాడి పెళ్లికి ముందు ఏడాదే వాళ్ల నాన్న పోయారు. ఆయనది ఒక టార్టన్ కోటు బీరువాలో ఉంది. ముదురు ఆకుపచ్చ, గోధుమరంగు గళ్లు, మధ్యలో సన్నటి పసుపు గీత. ప్యాంటు మీదకి కుట్టించుకున్న కోటు. మావాడు పెళ్లిలో కిల్ట్ మీద దాన్నే వేసుకుంటానంటాడు. పెళ్లికి ఇంకా మూడు వారాలు. షాపులో అడిగితే, "కింద నాలుగు అంగుళాలు తీసేస్తే సరిపోతుంది" అన్నారట. లంచ్‌లో వాడు ఇది చెప్తుంటే నేను ఊరికే, "మా నాన్న టైలర్, ఒకసారి అడగనా?" అన్నాను. అంతే, ఇరుక్కున్నాను.

ముందు ఒక బేసిక్ విషయం. కిల్ట్‌ని మనం ప్యాంటు కట్టే చోట కట్టరు. దాని పైఅంచు బొడ్డు దగ్గరికో, ఇంకొంచెం పైకో వస్తుంది. అంటే నడుము అనేది రెండంగుళాలు పైకి జరిగిందన్నమాట. దానికి జేబులు ఉండవు కాబట్టి ముందు ఒక తోలు సంచి వేలాడుతుంది, స్పోరన్ అంటారు. వెనకేమో కుచ్చిళ్లు. బాగా కుట్టిన కిల్ట్‌కి 8 గజాల ఉన్ని బట్ట పడుతుంది, అందులో ఎక్కువ భాగం వెనక కుచ్చిళ్లలోకే పోతుంది. నడుము నుంచి పిర్రల దాకా ఆ కుచ్చిళ్లని అణిచి కుట్టేస్తారు, అక్కడి నుంచి కిందకి వదిలేస్తారు.

ఇప్పుడు దీని మీద 30 అంగుళాల మామూలు సూట్ కోటు వేయండి. ముందు స్పోరన్ సగం మూసుకుపోతుంది. వెనక కుచ్చిళ్లు కోటు అంచుని బయటికి తంతాయి. మనిషి పొట్టిగా, కాళ్లు ఇంకా పొట్టిగా కనపడతాయి. మన తాతల ఫొటోల్లో పంచె మీద పొడుగు కోటు ఎంత బాగుంటుంది? ఇక్కడ అది పనిచేయదు. పంచె మెత్తగా కిందకి జారుతుంది, కిల్ట్ జారదు, నిలబడుతుంది. అందుకే కిల్ట్ కోట్లు మొదటి నుంచీ పొట్టిగానే కుడతారు, ముందు అంచులు గుండ్రంగా పక్కకి తీస్తారు.

సరే, నాన్నకి వీడియో కాల్ చేశాం. ఆయన జన్మలో కిల్ట్ చూడలేదు. "ముందు అది కట్టుకుని, ఆ సంచీ కూడా తగిలించుకుని, పైన కోటు వేసుకుని నిలబడమను" అన్నారు. మావాడు నిలబడ్డాడు. నాన్న ఒక నిమిషం చూసి, "ఒరేయ్, కత్తెర పెట్టనీయకు. జేబులు ఎక్కడున్నాయో చూశావా?" అన్నారు.

అసలు మ్యాటర్ ఇదండీ. నాలుగు అంగుళాలు తీసేయడం అనే మాట వినడానికి చిన్నది. కానీ ఆ కోటుకి జేబు నోరు కింది అంచుకి ఎనిమిదిన్నర అంగుళాల పైన ఉంది. లోపల జేబు సంచి అక్కడి నుంచి ఏడంగుళాలు కిందకి దిగింది. అంటే అంచు మాత్రమే కత్తిరిస్తే జేబు సంచి అడుగు తెగిపోతుంది. అందుకని ముందు లైనింగ్ విప్పాలి, జేబు సంచిని పైకి కుదించి మళ్లీ కుట్టాలి, ఆ తర్వాతే అంచు. జేబు లోతు తగ్గుతుంది, ఫోన్ పట్టదు, అది ఒప్పుకోవాల్సిందే.

రెండోది బొత్తాలు. అది రెండు బొత్తాల కోటు. కింది బొత్తం సరిగ్గా జేబు లెవెల్లో ఉంది. కిల్ట్ మీద పై బొత్తం ఒక్కటే పెట్టుకోవాలి, దాని కింది నుంచే అంచు పక్కకి వంపు తిరగాలి. మరి కింది కాజా? కాజాని మూసినా ఆ గుర్తు పోదు, గళ్ల బట్ట మీద ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. నాన్న చెప్పిన ఉపాయం ఏంటంటే, ఆ వంపునే కాజా అవతలి నుంచి గీయడం. కాజా మొత్తం తీసేసే ముక్కలోకి వెళ్లిపోతుంది. ఆ కాజా చివర అంచుకి అంగుళంన్నర పైచిలుకు లోపలికి ఉంది కాబట్టి వంపు అక్కడ రెండంగుళాలు లోపలికి రావాలి. ముందు ఒకవైపుకి కాగితం కత్తిరించి, అదే కాగితం తిరగేసి రెండోవైపు పెట్టాలి. కంటితో చూసి గీస్తే రెండు వైపులా ఒకేలా రావు.

ఇక గళ్లు. టార్టన్‌లో ఏ రంగు దారాలు ఎన్ని అనే వరుసని సెట్ అంటారు. చాలా టార్టన్లలో ఆ వరుస ఒక చోటికి వచ్చి అద్దంలో చూసినట్టు వెనక్కి తిరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే ఒక అరేని రివర్స్ చేసి పక్కన అతికించడం, నిలువూ అడ్డం రెండూ అదే అరే. కాబట్టి కోటు అంచు ఎక్కడ పడాలి అనేది మనిషి ఎత్తు ఒక్కటే తేల్చదు, గళ్లు కూడా తేలుస్తాయి. అంచు ఒక గీతకి అర అంగుళం వాలుగా పోయినా పది అడుగుల దూరం నుంచి తెలిసిపోతుంది. ప్లెయిన్ కోటుకైతే ఎవడూ కనిపెట్టడు. మావాడి లెక్క ప్రకారం నాలుగు అంగుళాలు పోవాలి, కానీ అక్కడ పసుపు గీత సగంలో తెగుతోంది. అందుకని నాలుగుంబావు తీసి, ముదురు ఆకుపచ్చ పట్టీ అంచుకి వచ్చేలా పెట్టాం.

వెనక చీలిక కూడా చూసుకోవాలి. కోటు పొట్టి అయ్యాక చీలిక బెత్తెడు కూడా మిగల్లేదు, కుచ్చిళ్ల మీద తోకలా లేచింది. మూసి కుట్టించేశాం. పక్క కుట్లలో లోపల బట్ట మిగిలి ఉందో లేదో కూడా ముందే చూడాలండీ. కిల్ట్, బెల్టు, స్పోరన్ పట్టీ అన్నీ కలిసి నడుముని లావు చేస్తాయి. మా అదృష్టం, పాతకాలం కుట్టు కాబట్టి ఒక్కో పక్క ముప్పావు అంగుళం వదిలారు. ఈ రోజుల్లో రెడీమేడ్ కోట్లలో అంత ఉంటుందని నాకు నమ్మకం లేదు.

ఇవన్నీ కత్తిరించకుండానే తెలుసుకోవచ్చు. అంచుని లోపలికి మడిచి కచ్చా కుట్టు వేయండి, ముందు వంపులు కూడా అలాగే మడవండి. కిల్ట్, స్పోరన్, బూట్లు అన్నీ వేసుకుని నిలబడండి, కూర్చోండి, చెయ్యి పైకెత్తండి. ఒక రోజు అలా వదిలేయండి. మేము రెండు రోజులు వదిలాం. ఎందుకంటే నాన్న ఇంకో ప్రశ్న వేశారు: "బాబూ, మీ అమ్మగారిని అడిగావా?" నేను ట్రాన్స్‌లేట్ చేశాను. వాడు అడగలేదు. వీడియోలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ వారాంతం వెళ్లి అడిగాడు. ఆవిడ కోటు చేతిలోకి తీసుకుని, జేబుల్లో చెయ్యి పెట్టి చూసి, కట్ చేయించుకోమన్నారట. తీసేసిన ముక్కలు మాత్రం తనకి కావాలన్నారు.

మరి గళ్ల కోటు మీదకి కిల్ట్ ఏది? వాళ్ల కుటుంబం టార్టన్ వేరే ఉంది, ఎర్రది. రెండూ కలిపితే తప్పా? రూల్ అని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఎడిన్‌బరోలో పోర్ట్రెయిట్ గ్యాలరీ వాళ్ల దగ్గర ఇద్దరు మెక్‌డొనాల్డ్ అన్నదమ్ముల బొమ్మ ఉంది, 1749 ప్రాంతంలో విలియం మాస్మన్ వేశాడంటారు. ఒకడి చేతిలో తుపాకి, ఇంకొకడి చేతిలో గోల్ఫ్ కర్ర. వాళ్ల ఒంటి మీద ఒకటి కాదు, వేర్వేరు టార్టన్లు కలిసి ఉంటాయి. అది కూడా 1746 చట్టం హైలాండ్ బట్టల్ని నిషేధించిన రోజుల్లో. ఆ చట్టం 1782లో గానీ పోలేదు. కాబట్టి కలపడం పాపమేమీ కాదు. కానీ నా అభిప్రాయం అడిగితే, ఆ ఎరుపు పక్కన వాళ్ల నాన్న కోటు వెలవెలబోయింది. వాడికీ అదే అనిపించింది. చివరికి గళ్లు లేని బూడిదరంగు కిల్ట్ అద్దెకి తెచ్చుకున్నాడు.

కుట్టింది అక్కడి టైలరే, నాన్న కాదు. మొదట వెళ్లిన షాపు కాదు, లైనింగ్ విప్పి చూసి ఆ తర్వాత ధర చెప్పిన ఇంకో పెద్దాయన. మీరు కూడా లోపల చూడకుండా రేటు చెప్పే చోట ఇలాంటి కోటు ఇవ్వకండి.

పెళ్లి ఫొటో నాన్నకి పంపాను. జూమ్ చేసి, అంచు మీద పట్టీ ఎడమవైపు, కుడివైపు ఒకే ఎత్తులో ఉందా లేదా చూసి, "పర్లేదు" అన్నారు. ఆ తర్వాత, "ఆ గుడ్డ గజం ఎంతట్రా అక్కడ?" అని అడిగారు. నేను కనుక్కోలేదు. మీలో స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆయన ఇప్పటికీ అడుగుతున్నారు. ఉంటానండీ, వచ్చే వారం కలుద్దాం.