కెమెరా ఎవరి చేతిలో ఉంది?

రేపు ఎగ్జామ్ ఉన్నా సరే, మా హాస్టల్ రూమ్‌లో ఎవడో ఒకడు అమెరికా పోలీస్ ఛేజింగ్ వీడియో పెడతాడు. అబద్ధమెందుకు, నేనూ చూస్తా. స్క్రిప్ట్ లేదు, యాక్టర్లు లేరు, అంతా నిజమే కదా అనిపిస్తుంది. నిజంగా అంతా చూస్తున్నామా?

ఈ తరహా షోలకి తాత లాంటిది 'కాప్స్'. 1989లో ఫాక్స్ ఛానల్‌లో మొదలైంది. వ్యాఖ్యాత ఉండడు. కెమెరా పోలీస్ కారులో కూర్చుంటుంది కాబట్టి మనమూ పోలీస్ పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది. అరగంట ఎపిసోడ్‌లో మామూలుగా మూడు సంఘటనలు. గంటల కొద్దీ తీసిన దాంట్లోంచి ఏరినవి అవి. ఊరికే తిరగడం, రిపోర్టులు రాసుకోవడం లాంటివి అందులో ఉండవు. పైగా షూటింగ్‌కి పోలీస్ శాఖ అనుమతి కావాలి. మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే డేటా పాయింట్లన్నీ కరెక్టే, డేటాసెట్ మాత్రం బయాస్డ్. దాంతో ట్రెయిన్ అయ్యేది మన బుర్ర.

మరి పోలీసుల సంగతి? సర్దిచెప్పి పంపించేస్తే అది టీవీలో రాదు, తలుపు బద్దలుకొడితే వస్తుంది. ఇది వాళ్లకీ తెలుసు. 2010 మేలో డెట్రాయిట్‌లో అర్ధరాత్రి దాటాక పోలీసులు ఫ్లాష్ గ్రెనేడ్ విసిరి ఒక ఇంట్లోకి దూసుకెళ్లారు. ఒక పోలీస్ తుపాకీ పేలి ఏడేళ్ల పాప చనిపోయింది. అప్పుడు 'ద ఫస్ట్ 48' షో టీమ్ అక్కడే షూట్ చేస్తోంది. కెమెరా లేకపోతే తెల్లారేదాకా ఆగేవాళ్లేమో అని చాలామంది అడిగారు.

2019 మార్చిలో టెక్సాస్‌లో జరిగింది ఇంకో రకం. హెడ్‌లైట్ల వెలుగు తగ్గించలేదని ఒక నల్లజాతి వ్యక్తిని ఆపబోయారు. అతను ఆగలేదు. వెంబడించి పట్టుకుని టేజర్ వాడారు. గుండె జబ్బు ఉందని చెబుతూనే అతను చనిపోయాడు. 'లైవ్ పీడీ' కెమెరాలు అదంతా తీశాయి. కానీ అది ప్రసారం కాలేదు. తర్వాత ఆ ఫుటేజ్‌ని చెరిపేశారు కూడా. 2020 జూన్‌లో విషయం బయటికొచ్చింది ఒక పోలీస్ ఒంటిమీది బాడీ కెమెరా రికార్డింగ్ వల్ల. ఆ నెలలోనే షో ఆగిపోయింది. పోలీసులు ఇలాంటి రియాలిటీ షోలతో ఒప్పందాలు చేసుకోకూడదని 2021లో టెక్సాస్ చట్టం చేసింది.

రెండూ కెమెరాలే. ఒకటి షో కోసం తీసింది, ఇంకోటి రికార్డు కోసం.

ఈ రాత్రి కూడా మా రూమ్‌లో ఎవడో వీడియో పెడతాడు. నేనూ చూస్తా. కాకపోతే "దీన్ని ఎవరు కట్ చేశార్రా, ఏం తీసేసుంటారు?" అని ఒకసారి అడుగుతా.