చిలేకోఠా చల్లబడాలంటే ముందు నీరు ఆగాలి

కోల్‌కతా పాత వీధుల్లో తలెత్తి చూస్తే చాలా డాబాల మీద ఒక చిన్న గది కనిపిస్తుంది. మెట్లు పైకప్పును చేరే చోట కట్టే ఈ గదిని బెంగాలీలు ‘చిలేకోఠా’ అంటారు. పాత సామాన్లు దాచుకునే ఆ గదినే, కుటుంబం పెరిగాక, కాస్త పక్కకు పొడిగించి పిల్లల చదువుకో అద్దెకో వాడుకోవడం మామూలే. చిక్కల్లా ఎండాకాలంతోనే. మధ్యాహ్నం సంగతి సరే, రాత్రి పదింటికి కూడా పైకప్పు సెగ తగ్గదు. పడగొట్టి మళ్లీ కట్టే స్థోమత లేనివారు తక్కువ ఖర్చులో ఏం చేయవచ్చు? దేనికి ముందు డబ్బు పెట్టాలి, దేనికి తర్వాత అన్న వరుస తెలిస్తే సగం పని అయినట్టే.

నడినెత్తిన సూర్యుడు

కోల్‌కతా కర్కాటక రేఖకు కొద్దిగా దక్షిణాన, దాదాపు 22.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే ఏటా జూన్ 5, జూలై 7 తేదీల ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అంటే వేసవిలో ఎండ దెబ్బ గోడలకన్నా పైకప్పుకే ఎక్కువ.

పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గది కప్పు దాదాపు 11 చదరపు మీటర్లు. ఆకాశం నిర్మలంగా ఉన్న మధ్యాహ్నం చదరపు మీటరుకు 900 వాట్ల ఎండ పడుతుందనుకుంటే, ఆ కప్పు మీద పడేది సుమారు 10,000 వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు పది ఒకేసారి పెట్టినట్టు! వానకు, ఎండకు నల్లబడిన కాంక్రీటు ఇందులో మూడింట రెండు వంతుల వరకు పీల్చుకుంటుంది. ఆ వేడి నెమ్మదిగా కిందికి దిగి, పొద్దుపోయాక గదిలోకి సెగగా వస్తుంది. ఫ్యాను గాలిని తిప్పగలదు గాని ఈ సెగను ఆపలేదు.

తడిసిన దుప్పటి పనికిరాదు

వేడిని అడ్డుకునే పదార్థాల్లో చాలావాటి రహస్యం ఒక్కటే. అవి గాలిని చిన్న చిన్న గదుల్లో కదలకుండా బంధిస్తాయి. నిశ్చలమైన గాలి వేడిని బాగా ఆపుతుంది. నీరు దానికన్నా ఇరవై రెట్లకు పైగా ఎక్కువ వేడిని దాటనిస్తుంది. కాబట్టి ఆ గాలి గదుల్లోకి నీరు చేరితే పెట్టిన ఖర్చు నీళ్లపాలే.

ఏటా 1,600 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే కోల్‌కతాలో ఈ సంగతి మరిచిపోకూడదు. కారే కప్పు కింద థర్మోకోల్ సీలింగ్ వేస్తే చెమ్మ కనిపించకుండా పోతుంది, అంతే. లోపల ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, ఒకనాడు పెచ్చులు ఊడిపడతాయి. అందుకే మొదటి ఖర్చు నీటిని ఆపడానికే. పగుళ్లు పూడ్చాలి. పదడుగుల పొడవుకు ఒకటిన్నర, రెండు అంగుళాల వాలు ఉండేలా చూడాలి. నీరు పోయే తూములు శుభ్రం చేయించాలి. వాన వెలిశాక కప్పు మీద ఎక్కడ మడుగు నిలుస్తుందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే మేస్త్రీకి పని సులువవుతుంది.

జలఛాద్ నేర్పే పాఠం

ఈ సంగతి పాతకాలపు మేస్త్రీలకు బాగా తెలుసు. కడిబర్గా దూలాల మీద నిలిచిన పాత కోల్‌కతా ఇళ్లకు పైన ‘జలఛాద్’ వేసేవారు. ఏడు పాళ్ల ఇటుక కంకరకు రెండు పాళ్ల సున్నం, రెండు పాళ్ల సుర్కీ కలిపి, వాలుగా పరిచి, చెక్క బడితెలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. ఆ దెబ్బల లయకు కూలీలు పాడుకున్న పాటలు బెంగాలీ జానపదంలో ఒక శాఖగా మిగిలాయి. మన డంగు సున్నం పనికి ఇది దగ్గరి చుట్టం. నీటిని పారించడం, వేడిని కొంత తగ్గించడం రెండూ ఒకే పొర చేసేది.

అయితే ఈ పొర బరువు చాలా ఎక్కువ. మనం లెక్కవేసిన గదికి నాలుగు అంగుళాల మందాన వేస్తే దాదాపు రెండు టన్నులు అవుతుంది. తర్వాత కట్టిన గది గోడలు, కింది పాత కప్పు ఆ భారం మోస్తాయో లేదో ఇంజనీరు చూడకుండా వేయించకూడదు.

ఒక్క అంగుళం లెక్క

బరువు లేకుండా అదే పని చేసేది మూసిన గాలి గదులున్న ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ పలక. నీటిని చాలా తక్కువగా పీల్చుకుంటుంది కనుక దీన్ని నీరు ఆపే పొరకు పైన పరవవచ్చు. దాని మీద పలుచని గచ్చు, తెల్ల టైల్ ముక్కలు వేస్తారు. పలక తేలికైనా ఈ గచ్చుకు బరువు ఉంటుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

పైకప్పు గుండా ఎంత వేడి దాటుతుందో చెప్పే కొలతను యు విలువ అంటారు. అది ఎంత తక్కువైతే అంత మేలు. 12 సెంటీమీటర్ల కాంక్రీటు కప్పుకు అది సుమారు 3.5. పైన నాలుగు అంగుళాల జలఛాద్ ఉంటే 2.4కు, ఒక అంగుళం పలక వేస్తే దాదాపు 1కి తగ్గుతుంది. కొత్త ఇళ్ల కోసం 2018లో వచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ పైకప్పుకు పెట్టిన హద్దు 1.2. అంటే ఒక్క అంగుళంతోనే పాత గది ఆ హద్దులోకి వస్తుంది. రెండో అంగుళం వేస్తే 0.6 దగ్గరకు చేరుతుంది. అదీ మంచిదే గాని, మొదటి అంగుళం తెచ్చినంత లాభం రెండోది తేలేదు. చేతిలో డబ్బు తక్కువైతే అంగుళంతో ఆగిపోవచ్చు.

పలకను కప్పు పైన వేయడంలో మరో లాభం ఉంది. కింద వేస్తే కాంక్రీటు రోజంతా కాగుతూనే ఉంటుంది. పైన వేస్తే కాంక్రీటుకే నీడ పట్టినట్టు అవుతుంది.

అంత డబ్బూ లేకపోతే?

అప్పుడు తెల్లరంగే దిక్కు. కాంక్రీటు కప్పులకు తెల్లపూత వేస్తే చల్లదనానికి అయ్యే విద్యుత్తులో 10 నుంచి 19 శాతం ఆదా అవుతుందని హైదరాబాద్ వాణిజ్య భవనాల మీద జరిపిన అధ్యయనం తేల్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ‘కూల్ రూఫ్’ విధానమే తెచ్చింది. కాకపోతే కోల్‌కతా తేమలో తెలుపు నిలవదు. దుమ్ము, నల్లపాచి పట్టి మసకబారుతుంది. ఏటా వేసవికి ముందు కడిగి మళ్లీ వేసుకోవాల్సిందే.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. కప్పు ఆస్బెస్టాస్ రేకులదైతే వాటిని కోయడం, గీకడం, రంధ్రాలు వేయడం చేయకూడదు. లేచే నారపొడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. గదిలోపల థర్మోకోల్‌ను బయటికి కనిపించేలా వదిలేయకూడదు. నిప్పంటుకుంటే వేగంగా కాలి దట్టమైన పొగ చిమ్ముతుంది.

పొడిగా ఉండే శీతాకాలంలో నీటి పని, చైత్రంలో తెల్లరంగు, డబ్బు సమకూరిన ఏడాది అంగుళం పలక. ఇలా వాయిదాల్లో చేసుకున్నా నష్టం లేదు. వరుస మాత్రం తప్పకూడదు. నీరు ఆగని కప్పు మీద పెట్టిన ప్రతి రూపాయీ వానాకాలం దాకే.