షిఫ్టు వేళ మన బిడ్డ ఎక్కడ?



మధ్యాహ్నం రెండు గంటలకు పాశమైలారంలో షిఫ్టు మారుతుంది. లోపలికి వెళ్లిన తండ్రి రాత్రి పది దాటాక గాని గేటు బయటికి రాడు. తల్లి కూడా పనికి వెళ్తే, బడి వదిలిన బిడ్డ ఆ సాయంత్రమంతా ఎవరి దగ్గర ఉంటాడు? ఈ నెల మన కుటుంబాల ముందు ఈ ఒక్క ప్రశ్న ఉంచుతున్నాము.

మా సంఘములో ఒక కుటుంబము ఊళ్లో పొలం బీడుపడి, బ్రతుకుదెరువుకు వచ్చి కిరాయి గదిలో ఉంటున్నది. పెద్ద కుమారుడు తొమ్మిదవ తరగతి. సండే స్కూలులో కంఠతవాక్యము ఎన్నడూ తప్పలేదు. లెక్కలలో తప్పినందుకు తరగతిలో అందరి ముందు నిలబెట్టి నవ్వారట. అప్పటి నుండి సంచి తగిలించుకొని బయలుదేరేవాడే గాని బడికి చేరేవాడు కాడు. మూతపడిన షెడ్డు వెనుక నలుగురు స్నేహితులు దొరికారు. వారిలో ఇద్దరు పెద్దవాళ్లు. వాళ్లు నవ్వలేదు, బిర్యానీ తినిపించారు, బండి నేర్పారు. మూడు నెలలకు రాగి తీగ దొంగతనములో పట్టుబడ్డాడు.

“అయ్యగారూ, వానికేం తక్కువ జేసినం? ఓటీలు జేసి ఫీజు గట్టిన” అని తండ్రి ఏడ్చాడు. కుర్రవాడు తరువాత మాతో అన్నాడు: “నాయిన ఇంట్ల ఉంటే పండుకుంటడు, లేకుంటే డ్యూటీల ఉంటడు.”

అమెరికాలో గ్లూక్ దంపతులు నేరములో పడిన 500 మంది బాలురను, అటువంటి పేద పేటలలోనే పెరిగి నేరములో పడని 500 మందిని పోల్చి చూచి 1950లో గ్రంథము ప్రచురించారు. పేదరికము ఇరువైపులా ఉన్నది. పెద్ద తేడా ఇంటిలో కనబడింది: తల్లి కనిపెట్టి చూచుకొనుట, తండ్రి క్రమశిక్షణలో నిలకడ, ఇంట్లో ఆప్యాయత. ఒకనాడు బెల్టుతో కొట్టి మరునాడు పట్టించుకోకపోవడం దిద్దుట కాదు. ఏలీ కుమారులను మందలించాడు గాని అడ్డగించలేదు. అది యాజకుని ఇల్లు గనుక, ఈ మాట ముందుగా మాకే చెప్పుకుంటున్నాము.

బడి మానినవాడు ఇక చదవడని అనుకోవద్దు. మన పొరుగు రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుండి పనిలో ఉన్న పిల్లలను శిబిరాలలో చదివించి బడులలో చేర్పించింది. దానిని నడిపించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసె పురస్కారము లభించింది.

చట్టము కూడా తలుపు మూయలేదు. 2015 బాలల న్యాయ చట్టము ప్రకారం 18 ఏండ్లలోపు బిడ్డను లాకప్పులో ఉంచకూడదు. 24 గంటలలో బాలల న్యాయ మండలి ఎదుట హాజరుపరచాలి. మండలి మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగుకు పంపవచ్చు, ప్రత్యేక గృహములో ఉంచవచ్చు. అయితే 16 నిండినవాడు ఘోర నేరము చేస్తే పెద్దలవలె విచారించే అవకాశమున్నది. మైనరుకు బండి ఇచ్చి అతడు నేరము చేస్తే, 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా.

ఒక సంగతి దాచలేము. ఆ తల్లి మందిరానికి వచ్చి కూర్చుంటే పక్కవారు చాప మీద కొంచెం జరిగారు. మూడవ ఆదివారము ఆమె రాలేదు. మేమూ రెండు వారాలు ఆ ఇంటికి వెళ్లలేదు. ఆ తప్పు మాది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఐదు నుండి ఎనిమిది వరకు మందిరపు గది తెరిచి ఉంచుతున్నాము. రిటైరైన ఒక కార్మికుడు లెక్కలు చెబుతున్నారు. తండ్రి వారపు సెలవునాడు కుమారునితో కలిసి భోంచేస్తున్నాడు. కుర్రవాడు కొన్ని రోజులు వస్తాడు, కొన్ని రోజులు రాడు. రాని రోజున మాలో ఒకరము వారి ఇంటికి వెళ్తున్నాము.

మీ బిడ్డ స్నేహితులలో ముగ్గురి పేర్లు మీకు తెలుసా? ఈ సాయంత్రమే అడగండి. తప్పిపోయిన కుమారుని తండ్రి దూరమునుండే అతనిని చూడగలిగాడంటే, రోజూ ఆ దారి వైపు చూస్తున్నందుననే గదా!