గోడమీది కాగితము

తుని యనగానే తమలపాకులును మామిడిపండ్లును తలపునకు వచ్చును. నేడచ్చటి అంగళ్లలోను ఆసుపత్రులలోను ఉద్యోగము చేయు స్త్రీలును గలరు. వారి కొఱకై గోడకంటింపవలసిన చట్టపు కాగితమునుగూర్చి మేమిట చెప్పదలచితిమి.

ప్రసూతి సౌకర్యముల చట్టము 1961 లో వెలువడినది. స్త్రీలు పనిచేయు ప్రతిభాగమునను దాని సారాంశమును స్థానికభాషలో, కంటబడుచోట నుంచవలెనని అందలి విధి. తునిలో స్థానికభాష తెలుగే గదా! ఇంగ్లీషు కాగిత మొక్కటి యంటించి ఊరకుండుట చెల్లదు.

అంటించి మఱచుటయు చెల్లదు. తొలుత వేతనముతోడి సెలవు 12 వారములు. 2017 లో, అర్హులైన స్త్రీలకు మొదటి యిద్దరు బిడ్డల కాన్పులకు దానిని 26 వారములు చేసిరి. పాత కాగితమును నమ్మిన బాలింత పసికందును విడిచి 14 వారములు ముందుగా పనికి వచ్చును. కాగితమే లేకున్న ఆమె ఎవరినైన అడిగియుండును. పాత కాగితము అడుగనీయదు. ఇది మఱింత అన్యాయము.

2025 నవంబరు 21 నుండి ఆ చట్టము సామాజిక భద్రతా స్మృతిలో చేరిపోయినది. 26 వారములును, స్థానికభాషా ప్రకటన విధియును నిలిచినవి గాని, కాగితముమీది చట్టము పేరు మార్పవలసినదే.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టముననుసరించి, పదిమందియు అంతకు మించియు పనివారున్నచోట అంతర్గత సంఘపు నియామకపుటుత్తరువునుగూడ ప్రదర్శింపవలెను. సభ్యుల పదవి మూడేండ్లకు మించదు గనుక పేర్లు మారుచుండును. ఫిర్యాదునకు సాధారణముగా గడువు మూడు నెలలే.

ఉద్యోగమునకు పోవు కూతుండ్రను, కోడండ్రను ఆ కాగితముమీది సంవత్సరమేదో అడిగి తెలిసికొనుడు.