రంగాకు రంగాయే జవాబు

చిట్టమూరు మండలం మల్లాంలో సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది. అక్కడి పాత శాసనాల్లో ఒకటి పల్లవ రాజు కంపవర్మ కాలం నాటిది, తమిళంలో ఉంటుంది. ఒక మనిషి తన ఒంట్లో తొమ్మిది చోట్ల మాంసం కోసి, ఆఖరికి తల కూడా నరుక్కుని అమ్మవారికి అర్పించాడని అందులో రాశారు. చదువుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అయితే ఈ వ్యాసానికి కావలసింది ఆ తర్వాతి సంగతి. అతని కుటుంబానికి భూమి ఇచ్చింది రాజు కాదు, ఊరివాళ్లు. వెయ్యేళ్ల కిందటే ఈ తీరంలో ఊరు అనేది ఒక మాట మీద నిలబడి భూమిని దానమివ్వగల వ్యవస్థ అన్నమాట.

సరిగ్గా ఇలాంటి చరిత్రనే గుర్తు చేస్తూ 1948 నవంబర్ 9న రాజ్యాంగ సభలో ఆచార్య ఎన్.జి.రంగా లేచారు. అయిదు రోజుల ముందు, నవంబర్ 4న, రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేద్కర్ పల్లెను తూర్పారబట్టారు. సంకుచితత్వానికి, అజ్ఞానానికి, కులతత్వానికి అది నిలయమని, ముసాయిదా పల్లెను పక్కనపెట్టి వ్యక్తినే ప్రమాణంగా తీసుకున్నందుకు తనకు సంతోషమేనని చెప్పారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి, జీవితమంతా రైతు సంఘాలు కట్టిన రంగాకు ఆ మాటలు గుచ్చుకున్నాయి. దక్షిణాది గ్రామ పంచాయతీలు వెయ్యేళ్లపాటు ఏం సాధించాయో తెలిసి ఉంటే అంబేద్కర్ అలా మాట్లాడేవారు కాదన్నారు. పంచాయతీ అనే పునాది లేకపోతే మామూలు జనం ప్రజాస్వామ్యంలో తమ వంతు పాత్ర ఎలా పోషిస్తారని నిలదీశారు. అధికారమంతా ఢిల్లీలో పోగుపడడం మంచిది కాదన్నది ఆయన వాదన.

రంగా చెప్పిన చరిత్ర నిజమే. అందరూ చూపించే ఉదాహరణ కాంచీపురం దగ్గరి ఉత్తరమేరూరు. పదో శతాబ్దం మొదట్లో, చోళరాజు మొదటి పరాంతకుడి కాలంలో అక్కడ గుడి గోడల మీద ఎన్నికల నిబంధనలు చెక్కించారు. ఊరిని 30 వార్డులుగా విడగొట్టారు. తాటాకు ముక్కల మీద పేర్లు రాసి కుండలో వేసి ఒక చిన్న పిల్లాడి చేత తీయించేవారు. గత మూడేళ్లలో పదవి చేసినవాడికి మళ్లీ అవకాశం లేదు. పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడితోపాటు అతని దగ్గరి బంధువులూ అనర్హులే. ఈ ఒక్క షరతును ఇవాళ పెడితే ఎన్ని కుర్చీలు ఖాళీ అవుతాయో!

అదే గోడ మీద మరికొన్ని షరతులూ ఉన్నాయి. అభ్యర్థికి పన్ను కట్టే సొంత భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వేదం వచ్చి ఉండాలి. అది బ్రాహ్మణ అగ్రహారం. ఆ పొలాలు దున్నినవాళ్ల పేర్లు ఏ తాటాకు మీదికీ ఎక్కలేదు, ఆడవాళ్ల పేర్లు అసలే లేవు. అంబేద్కర్ కోపమంతా దీని మీదే.

ఈ సంగతి రంగాకు తెలియనిది కాదు. అంతకు రెండేళ్ల ముందు, 1946 డిసెంబర్‌లో, అదే సభలో లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ ఆయనే వేరే పల్లెను చూపించారు. అసలైన మైనారిటీలు ఎవరని అడిగి, ఈ దేశపు పామర జనమేనని తానే జవాబు చెప్పారు. అణిగి మణిగి బతకడం అలవాటైన ఆ జనం, మామూలు పౌరహక్కులను కూడా వాడుకోలేని స్థితిలో ఉన్నారన్నారు. గిరిజనుల భూమి చేతులు మారకూడదని చట్టం ఉన్నా వర్తకులు దాన్ని కాజేస్తూనే ఉన్నారన్నారు. హక్కులను కాగితం మీద రాస్తే చాలదు, వాటిని అందుకునే సత్తువ మనిషికి రావాలన్నది ఆ ప్రసంగ సారం. నా దృష్టిలో 1948 నాటి రంగాకు 1946 నాటి రంగాయే జవాబు. రెండు ప్రసంగాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే మనిషి పూర్తిగా కనిపిస్తాడు.

1948 నవంబర్ 22న రాజ్యాంగ సభలో మరో సభ్యుడు కె.సంతానం పంచాయతీల కోసం ఒక సవరణ తెచ్చారు. అంతకు ముందు ఏడాది దాకా మద్రాసు ప్రధానిగా ఉన్న టంగుటూరి ప్రకాశం దాన్ని బలపరిచారు. అంబేద్కర్ పెద్దగా వాదించకుండానే ఒప్పుకున్నారు. అదే 40వ అధికరణం. కానీ అది ఆదేశిక సూత్రాల్లో చేరింది. అంటే ప్రభుత్వం పట్టించుకోకపోతే కోర్టుకెళ్లి అడిగే వీల్లేదు.

1952లో రాజ్యసభ మొదలైనప్పుడు రంగా అక్కడ సభ్యుడు. అదే సభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకుడు నెల్లూరు జిల్లా అలగానిపాడుకు చెందిన పుచ్చలపల్లి సుందరయ్య. ఒకాయన పట్టాదారు రైతు వైపు నుంచి ఊరిని చూస్తే, ఇంకొకాయన సొంత ఊళ్లోనే కూలీలను కూడగట్టి ఆ వైపు నుంచి చూశారు. ఈ తేడా తర్వాత భూమి హక్కు చర్చల్లో బాగా బయటపడింది. 1959లో కాంగ్రెస్ సహకార వ్యవసాయం పాట అందుకోగానే రంగా బయటికొచ్చి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. రైత్వారీ భూములనూ ‘ఎస్టేట్’ నిర్వచనంలో చేర్చిన 17వ రాజ్యాంగ సవరణను 1964లో గట్టిగా ఎదిరించారు. సెంటు భూమి లేనివాడికి ఆ పోరాటంలో ఒరిగేదేమిటన్న ప్రశ్నకు స్వతంత్ర పార్టీ దగ్గర సరైన సమాధానం లేదనే నా అభిప్రాయం.

పంచాయతీలకు రాజ్యాంగంలో గట్టి చోటు దొరకడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. రాజీవ్ గాంధీ తెచ్చిన 64వ సవరణ బిల్లు లోక్‌సభ దాటినా, 1989 అక్టోబర్‌లో రాజ్యసభలో కొద్ది ఓట్ల తేడాతో వీగిపోయింది. చివరికి 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. రంగా అప్పటికి పార్లమెంటులో లేరు, వయసు 92. అంబేద్కర్ భయానికి మందు ఆ సవరణలోనే ఉంది. ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి సీట్లు, మహిళలకు కనీసం మూడో వంతు, అయిదేళ్లకోసారి తప్పనిసరి ఎన్నిక.

తప్పనిసరి అన్నా మన ఆంధ్రప్రదేశ్‌లో 2018లో గడువు తీరిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగలేదు, ప్రత్యేకాధికారుల పాలనే. ఎన్నికైన సర్పంచులకు చెక్ పవర్ వచ్చినా, ఆర్థిక సంఘం నిధులను కరెంటు బాకీల కింద జమ చేసుకున్నారని వాళ్లు రోడ్డెక్కారు. 2022 ఏప్రిల్‌లో, మల్లాం ఉన్న చిట్టమూరు మండలాన్ని నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపినప్పుడు జనానికి దక్కింది అభ్యంతరాలు చెప్పుకునే నెల రోజుల గడువే.

ఇక ఏకగ్రీవాలు. 2021లో పోటీ లేకుండా సర్పంచిని ఎన్నుకున్న ఊరికి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. గొడవలు తగ్గుతాయన్న మాట కొంతవరకు నిజమే. కానీ ఆ ఏకాభిప్రాయం ఎవరి అరుగు మీద ఖాయమైందో ఎవరూ అడగరు. నామినేషన్ వేద్దామని బయల్దేరిన కూలీ మనిషి దగ్గరికి రాత్రికి రాత్రి ఎవరు వెళ్లి సర్దిచెప్పారో ఏ రికార్డులోనూ ఎక్కదు. రంగా 1946లో అసలైన మైనారిటీలని చెప్పింది ఆ కూలీలాంటి వాళ్ల గురించే.